నిపుణుడును సాక్షియే

మునేటి ఒడ్డున నందిగామ, పాలేటి దాపున జగ్గయ్యపేట. ఈ రెండు పట్టణములును కృష్ణా మెట్టసీమకు రెండు కన్నులవంటివి. 2022 ఏప్రిల్ నెలలో జిల్లాల పునర్విభజన జరిగి ఇవి ఎన్‌.టి.ఆర్‌. జిల్లాలో చేరినను, జనుల నోట నేటికిని ఇది కృష్ణా మెట్టయే. ఇచ్చటి రైతునకు ప్రత్తి, మిరప ముఖ్యమైన పంటలు. అతడు వానపై ఎంత ఆధారపడునో, పెట్టుబడికై అప్పుపై అంత ఆధారపడును. అప్పు వెంట ప్రామిసరీ నోటు, నోటు వెంట సంతకమో వేలిముద్రయో తప్పదు. కాలము కలిసిరానపుడు ఆ నోటు న్యాయస్థానము మెట్లెక్కును. అప్పుడు తరచుగా వినబడు మాట ఒక్కటే: "ఆ సంతకము నాది కాదు."

వాది ఔననును, ప్రతివాది కాదనును. నడుమ కూర్చున్న న్యాయాధికారి చట్టము చదివినవాడే కాని, అక్షరముల వంపులను, కలపు ఒత్తిడిని పరీక్షించు విద్య నేర్చినవాడు కాడు. అట్టి తావున చట్టము మరియొక మనిషిని పిలుచుటకు అనుమతించినది. అతడే నిపుణ సాక్షి.

సాధారణ సాక్షికిని నిపుణ సాక్షికిని భేదమేమి? సాధారణ సాక్షి తాను కన్నదియు విన్నదియు మాత్రమే చెప్పవలెను. "అతడే చంపియుండునని నా అభిప్రాయము" అనుటకు వానికి అధికారము లేదు. నిపుణునకు అభిప్రాయము చెప్పు హక్కు కలదు. 1872వ సంవత్సరపు భారత సాక్ష్య చట్టములోని 45వ సెక్షను, విదేశ న్యాయము, శాస్త్రము, కళ, చేవ్రాలు, వేలిముద్రలు మొదలగు విషయములలో ప్రత్యేక నైపుణ్యము గలవారి అభిప్రాయమును సాక్ష్యముగా అంగీకరించెను. 2024 జూలై 1వ తేదీన ఆ చట్టము స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము తన 39వ సెక్షనులో ఆ సూత్రమునే నిలిపి, మరి యే ఇతర రంగమునకైనను వర్తించునట్లు దాని పరిధిని పెంచినది.

ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించు విశేష మొకటి పాత చట్టము 47వ సెక్షనులో ఉండెను. అదియు నూతన చట్టములోనికి వచ్చినది. ఒకని చేతివ్రాతతో బాగుగా పరిచయమున్నవాడు, నిపుణుడు కాకున్నను, ఆ వ్రాత వానిదే యని సాక్ష్యము చెప్పవచ్చును. ఏండ్ల తరబడి పిల్లల నోటుపుస్తకములు దిద్దిన పంతులుగారు పేరులేని కాగితమును చూచియు ఇది ఫలానావాని వ్రాత యని పోల్చగలరు కదా! చట్టము ఆ అనుభవమును గౌరవించినది. కాని పంతులుగారైనను, పేరుమోసిన నిపుణుడైనను బోనెక్కినపుడు సాక్షియే. తీర్పు చెప్పు భారము వారిది కాదు. ఈ చిన్న సంగతిని మరచిన తావులలో పెద్ద అన్యాయములు జరిగినవి.

విద్య పెరిగిన తీరు

కృష్ణా మండలము మదరాసు రాజధానిలో భాగముగా నున్న కాలముననే, 1849లో, మదరాసున రసాయన పరీక్షాలయము వెలసెను. మన దేశమున ఇట్టివానిలో అది మొదటిది. విషప్రయోగపు కేసులలో నిజానిజములు తేల్చుటకు అట్టి పరీక్షాలయములే ఆధారమైనవి. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము ఏర్పడెను. ముద్రలను వర్గీకరించు పద్ధతి ఎడ్వర్డ్ హెన్రీ పేరుతో ప్రపంచ ప్రసిద్ధి నొందినను, దానిని రూపొందించుటలో శ్రమించినవారు అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను ఇద్దరు భారతీయ పోలీసు ఉద్యోగులు.

1984లో ఇంగ్లండులోని లీస్టరు విశ్వవిద్యాలయమున అలెక్ జెఫ్రీస్, కణములలోని డి.ఎన్‌.ఎ.ను బట్టి వ్యక్తిని గుర్తించు విధానమును కనుగొనెను. ఆ విద్యను హత్యానేర పరిశోధనలో తొలిసారి వినియోగించినపుడు జరిగినది గుర్తుంచుకొనదగినది. ఇద్దరు బాలికల హత్యలపై దర్యాప్తు సాగుచుండగా, ఒక హత్య తానే చేసితినని ఒక యువకుడు పోలీసుల యెదుట ఒప్పుకొనియుండెను. పరీక్షలో అతడు నిర్దోషియని తేలినది. అసలు నేరస్థుడు తరువాత చిక్కి 1988లో శిక్ష పొందెను. అనగా ఆ నూతన శాస్త్రము మొట్టమొదట చేసిన పని ఒకనిని పట్టియిచ్చుట కాదు, ఒకనిని విడిపించుట.

తెలుగునేలపై ఈ విద్యకు పాదు చేసినవారు హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమునకు చెందిన డాక్టరు లాల్జీ సింగ్. 1980వ దశాబ్ది చివర ఆయన స్వదేశీయమైన పరీక్షా పద్ధతిని సిద్ధము చేసెను. కేరళలోని తలస్సేరిలో పితృత్వమునకు సంబంధించిన వివాద మొకటి నడచినపుడు హైదరాబాదు పరీక్షయే సాక్ష్యమైనది. 1991లో కేరళ హైకోర్టు దానిని సమర్థించెను. హైదరాబాదు ప్రయోగశాల పేరు దేశములోని న్యాయస్థానములకు పరిచయమైనది అటులనే.

అనాసాగరము చెప్పు పాఠము

ఇంతటి శాస్త్రము అండనున్నను న్యాయము దారితప్పవచ్చునని నందిగామ ప్రాంతమునకు తెలిసినంతగా మరియొక ప్రాంతమునకు తెలియకపోవచ్చును.

2007 డిసెంబరు 27వ తేదీన విజయవాడకు సమీపమున, ఇబ్రహీంపట్నములోని ఒక ప్రైవేటు వసతిగృహములో ఫార్మసీ చదువుచున్న విద్యార్థిని దారుణ హత్యకు గురియయ్యెను. రాష్ట్రమంతయు అట్టుడికినది. 2008 ఆగస్టులో పోలీసులు నందిగామకు చేరువనున్న అనాసాగరమునకు చెందిన ఒక పేద యువకుని నిందితునిగా చూపిరి. డి.ఎన్‌.ఎ. పరీక్షయు సరిపోయినదని ప్రకటించిరి. 2010 సెప్టెంబరులో విజయవాడలోని మహిళా సెషన్సు న్యాయస్థానము అతనికి శిక్ష విధించెను. ఇచ్చట విశేషమేమనగా, బిడ్డను పోగొట్టుకొన్న తల్లియే, ఇతడు నేరస్థుడు కాడని బహిరంగముగా చెప్పుచు వచ్చెను. ఆమె శాస్త్రజ్ఞురాలు కాదు. కాని ఆమె అడిగిన ప్రశ్నలకు శాస్త్రము పేరు చెప్పి నోరు మూయించుట తగదని తరువాతి చరిత్ర చూపినది.

2017 మార్చి 31వ తేదీన హైదరాబాదులోని హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసినది. ప్రాసిక్యూషను నేరమును రుజువు చేయలేకపోయినదని చెప్పి అతనిని నిర్దోషిగా ప్రకటించుటయే కాక, ఖర్చుల క్రింద లక్ష రూపాయలు చెల్లింపవలెనని, దర్యాప్తు జరిపిన అధికారులపై చర్య తీసికొనవలెనని ఆదేశించెను. ఏప్రిల్ 2వ తేదీన రాజమహేంద్రవరము కేంద్ర కారాగారపు తలుపులు అతనికి తెరచుకొనెను. అరెస్టయిన నాటినుండి అప్పటికి ఎనిమిదిన్నర సంవత్సరములు దాటినవి. చదువుకొనవలసిన, పనిచేసికొనవలసిన, పెండ్లియాడవలసిన వయస్సంతయు గోడల నడుమ గడచిపోయినది. లక్ష రూపాయలతో ఆ వయస్సు తిరిగి రాదు.

కథ అంతటితో ముగియలేదు. ఈ యువకుడు కానిచో ఆ బాలికను చంపినవా రెవ్వరు? 2018 నవంబరులో హైకోర్టు ఈ ప్రశ్నను కేంద్ర పరిశోధక సంస్థయైన సి.బి.ఐ.కి అప్పగించెను. విచారణ జరిగిన న్యాయస్థానములోని రికార్డులు నాశనమైనవను సంగతి ఆ నాటికే బయటపడియుండెను. 2019 డిసెంబరులో తెనాలిలో సమాధిని త్రవ్వి, పండ్రెండేండ్లనాటి అవశేషములను నిపుణులు మరల పరీక్షింపవలసి వచ్చెను. చేతిలో నున్నపుడు భద్రపరుపని ఆధారమును మట్టిలో వెదకవలసి వచ్చిన దీనస్థితి యిది. నిపుణు డెంత గొప్పవాడైనను తన చేతికందిన వస్తువును మించి పలుకలేడు.

ఇదే సీమలో మరియొక సంఘటన జరిగినది. 2019 జనవరి చివర, నందిగామ సమీపమున ఐతవరము వద్ద జాతీయ రహదారి ప్రక్కన ఒక కారులో పారిశ్రామికవేత్త యొకని మృతదేహము కనబడెను. పైకి చూచుటకు అది ప్రమాదమువలె నుండెను. దర్యాప్తులో అది హత్యయని, హైదరాబాదులో జరిగినదని, డబ్బు తగవులే మూలమని తేలినది. 2023 మార్చిలో హైదరాబాదులోని న్యాయస్థానము ముఖ్య నిందితునకు యావజ్జీవ శిక్ష విధించెను. ప్రమాదముగా తోచినది ప్రమాదము కాకపోవచ్చును. నేరస్థునిగా తోచినవాడు నేరస్థుడు కాకపోవచ్చును. మొదటి చూపునకు లొంగక పరీక్షించుటయే రెండింటికిని మందు. ఆ పరీక్షకు హేతువు తోడు కావలెను.

"ఎట్లు తెలిసెను?" అను ప్రశ్న

ఈ సంగతి చట్టమునకు మొదటినుండియు తెలియును. పాత సాక్ష్య చట్టము 51వ సెక్షను, ఒకని అభిప్రాయము ఎంత అవసరమో, ఆ అభిప్రాయమునకు గల కారణములును అంత అవసరమని చెప్పెను. ఈ నియమము క్రొత్త చట్టమునను కలదు. నిపుణుడు "సరిపోయినది" అన్నంత మాత్రమున చాలదు. ఏవి పోల్చెను, ఏ పద్ధతిని పోల్చెను, ఎచ్చట భేదము కనబడెను, పొరపాటునకు ఎంత చోటు కలదు అను ప్రశ్నలకు సమాధానము రావలెను.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టు న్యాయమూర్తియైన తెలుగు బిడ్డ ఓ. చిన్నప్పరెడ్డి, 1979లో మురారీలాల్ కేసు తీర్పున ఈ విషయమును సమతూకముగా చెప్పెను. చేవ్రాలు నిపుణుని మాటను మరియొక సాక్ష్యము బలపరచిననే తప్ప నమ్మరాదను నియమము లేదు. నిపుణుడు నేరములో పాలుపంచుకొన్నవానివలె అనుమానింపదగినవాడు కాడు. అయినను మానవుని నిర్ణయమునకు పొరపాటు సహజము గనుక జాగ్రత్త అవసరము. శాస్త్ర మెంతగా పరిణతి చెందినదో పొరపాటునకు అవకాశ మంత తక్కువ. వేలిముద్రల శాస్త్రము పరిపూర్ణతకు చేరువైనది. చేవ్రాలు శాస్త్రము అంతటిది కాదు. కావున కారణములను తూచియే నమ్మవలెనని ఆ తీర్పు సారాంశము.

కారణము లడుగని చోట ఏమగునో ఫ్రాన్సు దేశపు డ్రైఫస్ ఉదంతము చూపును. 1894లో ఆ సైనికాధికారిపై గూఢచర్యపు నేరము మోపిరి. ఆధార మొక చేతివ్రాత కాగితము. ఒక నిపుణుడు అది డ్రైఫసు వ్రాత కాకపోవచ్చుననెను. దేహపు కొలతలచే నేరస్థులను గుర్తించుటలో ఖ్యాతి గాంచిన బెర్టిలాన్ మాత్రము ఆ వ్రాత ఆయనదే యని పట్టుపట్టెను. పోలికలున్న చోట పోలికయే సాక్ష్యమనెను. పోలిక లేని చోట డ్రైఫసే కావలెనని తన వ్రాతను మార్చుకొనెననెను. ఇట్టి వాదమున నిర్దోషి తప్పించుకొను మార్గ మెక్కడిది? 1904లో పోయంకరే మొదలగు ముగ్గురు గణితశాస్త్రజ్ఞులు ఆ లెక్కలు నిరాధారములని తేల్చిరి. 1906లో డ్రైఫస్ నిర్దోషిగా ప్రకటింపబడెను. కాని అప్పటికే ఆయన కొన్ని సంవత్సరములు ద్వీపాంతర శిక్ష ననుభవించెను.

విద్యార్థులు లెక్కల తరగతిలో చర్చింపదగిన ఉదాహరణ మరియొకటి కలదు. ఇంగ్లండులో శాలీ క్లార్క్ అను తల్లి తన ఇద్దరు పసికందులను చంపెనను నేరముపై 1999లో శిక్ష పొందెను. రాయ్ మెడో అను ప్రసిద్ధ శిశువైద్యుడు, అట్టి కుటుంబమున శిశువు అకారణముగా మరణించుటకు 8,543లో ఒక వంతు అవకాశమని, కావున ఇద్దరు అట్లు మరణించుటకు దాదాపు 7 కోట్ల 30 లక్షలలో ఒక వంతు మాత్రమే అవకాశమని చెప్పెను. 8,543ను 8,543చే గుణించిన లెక్క అది. గుణకారము సరియే, తర్కము తప్పు. ఒకే తల్లి కడుపున పుట్టి ఒకే ఇంట పెరిగిన శిశువుల మరణములు పరస్పర సంబంధము లేనివి కావు. పైగా సహజమరణము అరుదైనంత మాత్రమున హత్య నిజము కాబోదు. తల్లి ఇద్దరు శిశువులను చంపుటయు అరుదే కదా. రాయల్ గణాంకశాస్త్ర సంఘము ఈ దోషమును బహిరంగముగా ఖండించెను. శిశువునకు జరిపిన రోగక్రిమి పరీక్షల ఫలితములను మరియొక వైద్యుడు వెల్లడింపలేదని కూడ తరువాత తెలిసెను. 2003 జనవరిలో ఆమె విడుదల పొందెను, 2007లో మరణించెను.

మన దేశమున 2022 నవంబరులో, ఢిల్లీలోని ఛావ్లా ప్రాంతపు యువతి హత్యకేసులో, సుప్రీంకోర్టు మరణశిక్ష పడిన ముగ్గురిని విడుదల చేసెను. సేకరించిన నమూనాలు ప్రయోగశాలకు చేరుటకు ముందు పదిదినములకు పైగా పోలీసు గిడ్డంగిలో పడియుండెను. డి.ఎన్‌.ఎ. నివేదికకు ఆధారమేమో, పరీక్షా పద్ధతిని సక్రమముగా పాటించిరో లేదో క్రింది న్యాయస్థానములు పరిశీలింపలేదని సుప్రీంకోర్టు ఆక్షేపించెను. ఆ తీర్పు ఎందరికో ఆవేదన కలిగించినది, అది సహజము. ఆవేదనకు పరిష్కారము పరీక్షను సడలించుట కాదు, సీసాకు ముద్ర వేసిన నాటినుండి న్యాయస్థానమున తెరచువరకు దాని వెంట నడచిన ప్రతి చేతిని లెక్క చెప్పించుట.

లెక్కల పుస్తకము నందును, కారాగారము నందును

నిపుణుడనగా ప్రయోగశాలలోనివాడే కాదు. లెక్కల పుస్తకములు తనిఖీ చేయు ఆడిటరును నిపుణుడే. 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు వ్రాసిన లేఖతో, పుస్తకములలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని లోకమునకు తెలిసినది. ప్రఖ్యాతమైన ఆడిటు సంస్థ ఏటేట ఆ లెక్కలపై సంతకము చేయుచునే వచ్చెను. 2015 ఏప్రిల్ 9వ తేదీన హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము పదిమందికి శిక్ష విధించెను; వారిలో ఇద్దరు ఆడిటర్లు. శిక్షితులు ఆ తీర్పుపై అప్పీలు చేసికొనిరి. ఇచ్చటను పాఠమొక్కటే. పేరుగల సంతకమును చూచి జనులు వాటాలు కొనిరి. "ఆ డబ్బు ఏ బ్యాంకులో ఉన్నది, చూపుడు" అని అడిగినవారు లేకపోయిరి.

శిక్ష పడిన పిమ్మటను నిపుణుని అవసరము తీరదు. 2022 మే నెలలో మనోజ్ కేసున సుప్రీంకోర్టు, మరణశిక్ష విధించుటకు పూర్వము నిందితుని మానసిక స్థితిపై నిపుణుల నివేదికను, కారాగారములో అతని నడవడిపై నివేదికను తెప్పించుకొనవలెనని నిర్దేశించెను. నేరము ఎంత ఘోరమైనదో చూచుటతో తృప్తి పడక, ఆ మనుష్యుడు మారుటకు అవకాశమున్నదా అని కూడ విచారింపవలెననుట దీని యుద్దేశము. అయితే మనస్సును బలాత్కరించు శాస్త్రమునకు మన న్యాయమున చోటు లేదు. నిందితుని ఇష్టము లేకుండ నార్కో పరీక్ష, అబద్ధములు పట్టు యంత్రపు పరీక్ష జరుపరాదని సుప్రీంకోర్టు 2010 మే 5వ తేదీననే సెల్వి కేసులో తీర్పు చెప్పెను.

పాఠశాల రిజిస్టరు సాక్ష్యము

2024 జూలైలో అమలులోనికి వచ్చిన నూతన నేరవిచారణ చట్టము, ఏడేండ్లు లేక అంతకు పైబడిన శిక్ష గల నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు స్వయముగా సంఘటన స్థలమునకు వచ్చి ఆధారములను సేకరింపవలెననెను. ఇందుకు ఏర్పాట్లు చేసికొనుటకు రాష్ట్రములకు ఐదేండ్ల వ్యవధి నిచ్చెను. మంచి నియమమే. కాని ఇంకొక నియమము ప్రకారము ప్రభుత్వ శాస్త్రజ్ఞుని నివేదికను, ఆయనను బోనెక్కింపకయే సాక్ష్యముగా స్వీకరింపవచ్చును. అవసరమని తోచినపుడు మాత్రమే న్యాయస్థానము ఆయనను పిలుచును. పేదవాని పక్షమున నిలిచిన న్యాయవాది "ఆ నిపుణుని పిలువుడు, ప్రశ్నింపవలెను" అని కోరకున్నచో, ఒక్క కాగితము ఒక్క ప్రశ్నయు ఎదుర్కొనకుండ ఒకని జీవితమును నిర్ణయించు ప్రమాదము కలదు. ప్రయోగశాలలు పెరిగినంత మాత్రమున చాలదు. వానిని ప్రశ్నించు విద్యయు పెరుగవలెను.

ఉపాధ్యాయులకు ఈ విషయమున స్వంత బాధ్యత యొకటి ఉన్నది. నిందితుడు బాలుడా, పెద్దవాడా అను సందేహము కలిగినపుడు, 2015వ సంవత్సరపు బాలన్యాయ చట్టము 94వ సెక్షను మొదట పాఠశాల ఇచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రమును లేక మెట్రిక్యులేషను ధ్రువపత్రమును చూడుమని చెప్పుచున్నది. అవి లేనిచో పురపాలక సంఘము లేక పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రము. ఏదియు లేనప్పుడే వైద్యునిచే ఎముకల పరీక్ష. అనగా జగ్గయ్యపేట బడిలో చేర్పు రిజిస్టరు వ్రాసిన పంతులుగారి మాట వైద్య నిపుణుని మాటకంటె ముందు నిలుచును! చేర్చుకొనునాడు తల్లిదండ్రులు తేదీ చెప్పలేకపోయినపుడు, ఏదో ఒక జూన్ తేదీని వేసి ముగించుట పలుచోట్ల అలవాటు. ఆ కలపు గీత ఒకనాడు ఒక పిల్లవానిని బాలుర గృహమునకు పంపవలెనో, పెద్దల కారాగారమునకు పంపవలెనో తేల్చవచ్చును.

లెక్కకు జవాబు సరియైనను, దారి చూపనిచో పంతులుగారు పూర్తి మార్కులు వేయరు. "ఎట్లు వచ్చినదో చూపుము" అందురు. ఆ మాటనే వైద్యునితో, శాస్త్రజ్ఞునితో, ఆడిటరుతో, తుదకు రిజిస్టరు వ్రాసిన తమతోను అనగలిగిన పౌరులను బడులు తయారు చేయవలెను. అట్టివారు న్యాయస్థానములలో న్యాయాధికారులై, న్యాయవాదులై, పోలీసులై కూర్చున్ననాడు అనాసాగరపు యువకుని వంటివాని ఎనిమిదిన్నరేండ్లును మిగులును. న్యాయము కోరు తల్లికి నిజమైన సమాధానమును దొరకును.